ఎర్రమట్టి మీద నలుగురు

కోటా రామస్వామి పేరు ఇవాళ గుడియాత్తంలో ఎవరినడిగినా తెలియదంటారు. రాయవేలూరులో అడిగినా అంతే. చెన్నపట్నంవాళ్ళే మరిచిపోయారు, ఇక్కడివాళ్ళను అని ఏం లాభం? కానీ నా చిన్నతనంలో మా ఇంట్లో ఆ పేరు తరచూ వినబడేది. మా మేనమామ తాలూకా కచేరీలో గుమాస్తా. సాయంత్రం కచేరీ నుంచి రాగానే తెల్ల నిక్కరు తొడుక్కుని, చెక్క ర్యాకెట్టు చంకన పెట్టుకుని క్లబ్బుకు వెళ్ళేవాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు ఆట కబుర్లు ముగిశాక పాత కబుర్లు మొదలయ్యేవి. వాటిలో రామస్వామి ప్రస్తావన రాకుండా ఉండేది కాదు. "మన తెలుగాయనరా. 1922లోనే డేవిస్ కప్పులో డబుల్స్ ఆడినాడు. నలభయ్యో ఏట ఇంగ్లండు పోయి క్రికెట్ టెస్టు ఆడినాడు" అని మామ చెబుతుంటే, "ముందు తినరా, అన్నం చల్లారిపోతా ఉంది" అని అమ్మమ్మ కేకలేసేది.

మా ఊరి సంగతి కాస్త చెప్పాలి. కాట్పాడి నుంచి జోలార్‌పేట వెళ్ళే రైలు దారిలో ఉంటుంది గుడియాత్తం. కౌండిన్య నది ఊరి మధ్యనుంచి పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే. కైలీలు నేసే మగ్గాలు, అగ్గిపెట్టెల పని, బీడీల పని, ఇవీ జనానికి బతుకుదెరువు. వైకాసి నెల మొదటి రోజున గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. ఆ రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ ఊళ్ళోనే ఉంటాయి. కామరాజు ముఖ్యమంత్రి అయిన కొత్తలో, 1954 ఉప ఎన్నికలో శాసనసభకు వెళ్ళింది మా ఊరినుంచే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తోళ్ళ మండీలో ఉర్దూ, ఇలా మూడు భాషలూ చెవిన పడుతూ పెరిగినవాళ్ళం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఉత్తర ఆర్కాడు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. ఆ తర్వాత జిల్లా కచేరీలకు వేలూరు కేంద్రమయింది. దొరలు వచ్చిన చోటల్లా క్లబ్బు, క్లబ్బు ఉన్న చోటల్లా టెన్నిస్ కోర్టు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ కుర్చీల్లోకి మనవాళ్ళు వచ్చారు, కోర్టు అలాగే ఉంది.

ఆఫీసర్ల క్లబ్బులో గుమాస్తాకేం పని అని మీరడగొచ్చు. దానికి కారణం డబుల్సే. మా ఊళ్ళో ఉన్నది ఒకటే కోర్టు. సాయంత్రం అయిదు దాటితే గాని ఎండ తగ్గదు, ఆరున్నరకల్లా బంతి కనబడదు. వేలూరు ఎండ ఎలా ఉంటుందో అక్కడ ఒక్క మే నెల గడిపినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ కాసేపట్లో అందరూ ఆడాలంటే ఇద్దరిద్దరుగా ఆడితే కుదరదు. అందుకని సింగిల్స్ అన్న మాటే ఉండేది కాదు. ఎప్పుడూ నలుగురు. తహసీల్దారు, ప్రభుత్వాసుపత్రి డాక్టరు, పేర్ణంబట్టు తోళ్ళ వ్యాపారి ఒకాయన, ఇలా ముగ్గురు చేరితే నాలుగో మనిషి కావాలి. ఒకరోజు నాలుగో మనిషి దొరకలేదు. హైస్కూల్లో చదివేటప్పుడు మామ టెన్నిస్ ఆడాడని ఎవరో చెప్పారు. పిలిపించారు. ఆ రోజు లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ బయటికి రాలేదు. పగలు కచేరీలో తహసీల్దారు ముందు ఫైలు పట్టుకుని నిలబడేవాడు, సాయంత్రం అదే తహసీల్దారు సర్వ్‌ని తిప్పికొట్టేవాడు. నాలుగో మనిషి లేకపోతే ఆట లేదు. ఆ అవసరం ముందు హోదా కాస్త తగ్గి నిలబడేది.

ఇప్పుడా కోర్టు లేదు. అలాంటి కోర్టు తయారు చెయ్యగల మనిషీ లేడు. అందుకే దాన్ని కాస్త వివరంగా రాస్తాను.

ఏటా వానలు తగ్గాక పాత కోర్టును పైపైన గీకేసేవాళ్ళు. అడుగున కంకర, దాని మీద మొరం అలాగే ఉండేవి. వాటి మీద పరిచే మట్టిలో ఉంది అసలు సంగతి. ఎర్రమన్ను ఒక పాలు, పుట్టమన్ను ఒక పాలు తెచ్చి, ఎండబెట్టి, గడ్డలు కొట్టి, సన్న జల్లెడ పట్టేవాళ్ళు. పుట్టమన్ను లేకపోతే మట్టి పట్టు పట్టదు. అది ఎక్కువైతే ఎండకు పగుళ్ళిస్తుంది. ఎంత కలపాలో కాగితం మీద ఎక్కడా లేదు, మార్కరు తాత అరచేతిలో ఉండేది. గుప్పెడు మట్టి తడిపి, పిసికి, ముద్ద చేసి నేలకు కొట్టి చూసేవాడు. ముద్ద చెదిరితే ఇంకొంచెం పుట్టమన్ను, అతుక్కుపోతే ఇంకొంచెం ఎర్రమన్ను. క్లబ్బుల్లో కోర్టు చూసుకునేవాణ్ని, బంతులు అందించేవాణ్ని, మనిషి తక్కువైతే తానే ర్యాకెట్టు పట్టి ఆడేవాణ్ని మార్కరు అనేవాళ్ళు. మా మార్కరుకు చదువు లేదు, చెప్పుల్లేని కాళ్ళతోనే ఆడేవాడు. తాలూకాలో ఆయన లాబ్ అందుకోగలిగినవాళ్ళు ఒకరిద్దరే.

మట్టి పరిచాక సాయంత్రం నీళ్ళు చల్లి, రాత్రంతా నాననిచ్చి, తెల్లవారుజామున రాతి రోలరు లాగేవాళ్ళు. నలుగురు మనుషులు కావాలి దానికి. మధ్యాహ్నం ఎండలో లాగితే మట్టి రోలరుకు అంటుకుని లేచి వస్తుంది. అంతా గట్టిపడ్డాక ఆవుపేడ నీళ్ళలో పలుచగా కలిపి అలికేవాళ్ళు. పేడ ఆరితే దుమ్ము లేవదు, బంతి జారదు, కాలికి చల్లగా ఉంటుంది. పండగనాడు అలికిన అరుగులా ఉండేది కోర్టు. చివరికి తాడు పట్టి, తడి సున్నంతో గీతలు. డెబ్బయ్యెనిమిది అడుగుల పొడవు, ముప్పయ్యారు అడుగుల వెడల్పు. సింగిల్స్‌కు ఇరవయ్యేడు అడుగులు చాలు. పక్కన చెరో నాలుగున్నర అడుగులు డబుల్స్ కోసమే. సింగిల్స్ ఎవరూ ఆడకపోయినా మార్కరు తాత లోపలి గీతలు కూడా శ్రద్ధగా వేసేవాడు. ఎందుకు తాతా అని అడిగితే, గీత లేకపోతే అది కోర్టు కాదనేవాడు.

బంతులు తెల్లవి. మద్రాసు నుంచి రేకు డబ్బాల్లో వచ్చేవి. డబ్బా మూతకు అంటించిన చిన్న తాళంతో రేకు చుట్టూ తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది, వెనకనే కొత్త రబ్బరు వాసన. ఆ వాసన కోసం పిల్లలం డబ్బా చుట్టూ మూగేవాళ్ళం. పూట గడిచేసరికి తెలుపు పోయి ఎరుపు తిరిగేవి. నూగు పోయి నున్నబడ్డాక మా చేతికి వచ్చేవి, వీధి క్రికెట్‌కు. వింబుల్డన్‌లో 1986 నుంచి పసుపు బంతులు వాడుతున్నారు. తెల్ల బంతితో టెన్నిస్ ఆడేవారని చెబితే నా మనవలు నమ్మరు.

ర్యాకెట్టు సంగతి మరీ ప్రత్యేకం. చెక్కది కనక వానాకాలంలో వంకర తిరుగుతుంది. ఆట కాగానే దాన్ని చట్రంలో పెట్టి నాలుగు మూలలా మరలు బిగించాలి. మామ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునే ముందు చేసే పని అది. తీగలు పశువుల పేగుతో చేసినవి. తేమ తగిలితే సాగిపోతాయి, ఒక్కటి తెగితే ఆట ఆగిపోతుంది. అవి కట్టించాలంటే వేలూరు దాకా వెళ్ళాలి. మామతో కలిసి రైల్లో కాట్పాడి వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో వేలూరు చేరి, కోట కందకం పక్కగా నడిచి వెళ్ళడం నాకు బాగా గుర్తు. తీగలు కట్టే ముసలాయన ఒక్కో తీగ లాగి, గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని శబ్దం వినేవాడు. నచ్చకపోతే విప్పేసి మళ్ళీ బిగించేవాడు. ఎనభైల తొలి ఏళ్ళలో గ్రాఫైట్ ర్యాకెట్లు రాగానే చెక్క ర్యాకెట్లు మాయమైపోయాయి. వాటితో పాటు ఆ చట్రాలు, ఆ మరలు, ఆ చెవులు కూడా.

మామకు డబుల్స్‌లో జోడీ పేర్ణంబట్టు తోళ్ళ వ్యాపారి. మామ ఆయన్ని "భాయ్" అనేవాడు, ఆయన మామను "నాయుడుగారూ" అనేవాడు. ఆయన ఎడమచేతివాటం, మామ కుడిచేతివాటం. ఇద్దరి ఫోర్‌హ్యాండ్లూ రెండు చివర్లా ఉండేట్టు నిలబడితే మధ్యకు వచ్చే బంతి ఎవరిదన్న పేచీ వస్తుంది. డబుల్స్‌లో ఓటమి ముందుగా వచ్చేది ఆ మధ్యదారినుంచే. వాళ్ళిద్దరూ దానికొక కట్టుబాటు పెట్టుకున్నారు. వెనక ఉన్నవాడే చెప్పాలి, ముందున్నవాడు తిరిగి చూడకూడదు. "నాది", "వదిలెయ్", "పైన", ఈ మూడు తెలుగు మాటలే. ఉర్దూ మాట్లాడే సాయబు కోర్టులో మాత్రం తెలుగే అరిచేవాడు. ఏళ్ళ తరబడి అలా ఆడాక అరుపులు కూడా తగ్గిపోయాయి. ఒకరు కదిలితే రెండోవారి కాలు దానంతటదే కదిలేది. సింగిల్స్ ఆటగాడికి తన బలం తెలిస్తే చాలు. డబుల్స్ ఆడేవాడికి పక్కవాడి బలహీనత తెలియాలి, తెలిసినట్టు పైకి కనబడకుండా దాన్ని కాయాలి. భార్యాభర్తల్లో కూడా అంత ఓర్పు నేను ఎక్కువ చూడలేదు.

ఇక రామస్వామిగారి సంగతి.

మద్రాసు మైలాపూరు లజ్ ప్రాంతంలో లజ్ హౌస్ అని పెద్ద బంగళా. దాని యజమాని మోతవరపు వెంకట మహీపతి నాయుడు. ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు గాని బుచ్చిబాబు నాయుడంటే క్రికెట్ తెలిసినవాళ్ళందరికీ తెలుసు. చెపాక్ మైదానం అప్పట్లో దొరల క్లబ్బుది. మనవాళ్ళు అక్కడ ఆడినా పెవిలియన్‌లో అడుగు పెట్టకూడదు, చెట్టు కింద కూర్చుని తినాలి. అది భరించలేక బుచ్చిబాబు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. మనవాళ్ళకు బ్యాట్లిచ్చి, బట్టలిచ్చి, ఆట నేర్పించాడు. దొరల జట్టుతో మన జట్టు సమానంగా ఆడాలని పట్టుబట్టి ప్రెసిడెన్సీ మ్యాచ్‌కు ఏర్పాట్లు చేశాడు. తీరా 1908లో ఆ ఆట చూడకుండానే పోయాడు. ఆయన కొడుకుల్లో చిన్నవాడు రామస్వామి, 1896 జూన్ 16న పుట్టాడు. తల్లి వైపు తాతకు దత్తు వెళ్ళడం వల్ల ఇంటిపేరు కోటా అయింది. తండ్రి పోయేనాటికి పన్నెండేళ్ళవాడు. అన్నలు బాలయ్య, వెంకటరామానుజులు ఇద్దరూ మంచి క్రికెటర్లే.

మన దేశం మొదటిసారి డేవిస్ కప్పులో ఆడింది 1921లో. పారిస్‌లో ఫ్రాన్సును 4-1 తేడాతో ఓడించింది. వినడానికి ఇప్పుడు వింతగా ఉంటుంది గాని నిజం. తర్వాత షికాగోలో జపాను చేతిలో ఒక్క ఆటా గెలవకుండా ఓడిపోయింది. మరుసటి ఏడు, 1922లో, రుమేనియాను ఓడించి స్పెయిన్ చేతిలో ఓడింది. ఆ ఏటి జట్టులో డబుల్స్ ఆటగాడిగా ఉన్నారు కోటా రామస్వామి. అప్పటికి కేంబ్రిడ్జిలో చదువుకుంటున్నారు. ఆ రోజుల్లో మన జట్టుకు బొంబాయి ఫైజీ అన్నదమ్ములు పెద్ద అండ. వింబుల్డన్ పాత వోర్పుల్ రోడ్డు మైదానం వదిలి ఇప్పుడున్న చర్చ్ రోడ్డుకు మారిందీ ఆ 1922లోనే. అంతకు ముందు ఏడు గెలిచిన ఛాంపియన్ ఫైనల్ ఒక్కటి ఆడితే చాలన్న పద్ధతి తీసేసిందీ అప్పుడే. మనకిప్పుడు తెలిసిన వింబుల్డన్ పుట్టిన ఏట ఇంగ్లండు గడ్డ మీద డబుల్స్ ఆడిన తెలుగాయన ఒకరున్నారు. ఈ ఒక్క సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు.

మామకు రామస్వామి అంటే అంత ఇష్టం దేనికంటే, ఆయన ఏ ఆటనూ ఉద్యోగంగా చూడలేదు. టెన్నిస్ ఆడారు, క్రికెట్ ఆడారు, దేన్నీ వదల్లేదు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన క్రికెట్ జట్టులో ఆయన పేరుంది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, జట్టులో పెద్దన్న సి.కె. నాయుడు. జూలై 25న మాంచెస్టర్‌లో మొదలైన టెస్టులో రామస్వామి అడుగు పెట్టేనాటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండి నెల దాటింది. ఆ వయసులో చాలామంది ఆటగాళ్ళు బ్యాటు అటక మీద పెట్టేస్తారు. ఎడమచేతివాటంతో ఆడి తొలి ఇన్నింగ్స్‌లో 40, రెండో ఇన్నింగ్స్‌లో 60 కొట్టారు. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ కలిసి తొలి వికెట్టుకు 203 పరుగులు చేసిన ఆట అది. లోకం ఆ జోడీనే గుర్తు పెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. కానీ ఆ వెనక వచ్చిన నలభయ్యేళ్ళ మనిషి అరవై పరుగులు కూడా ఆ రోజు మ్యాచ్‌ను డ్రాగా నిలబెట్టాయి. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండే టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. అక్కడితో ఆయన టెస్టు క్రికెట్ అయిపోయింది.

1953లో వెస్టిండీస్ వెళ్ళిన మన జట్టుకు ఆయన మేనేజరు. 1966లో ఇంగ్లీషులో ఆత్మకథ రాశారు, పేరు 'ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ ఎడిక్ట్'. తనను తాను ఆటల వ్యసనపరుడని చెప్పుకున్నారు. అది తెలుగులోకి ఇప్పటికైనా రావాలి.

1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, ఒకరోజు మద్రాసు అడయారులోని ఇల్లు వదిలి బయటికి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమైపోయారో ఎవరికీ తెలియలేదు. క్రికెట్ రికార్డుల పుస్తకాల్లో అందరి పేర్ల పక్కనా పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉంటాయి. ఆయన పేరు పక్కన పోయిన తేదీ లేదు, చనిపోయి ఉంటారని భావిస్తున్నట్టు రాసుకున్నారు. ఈ వార్త మా ఇంటికి చాలా ఆలస్యంగా చేరింది. అప్పటికి మామ లేడు. ఉండుంటే ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు.

రామస్వామి తరం తర్వాత మన డబుల్స్ ఆగిపోలేదు. 1966 డిసెంబరులో మెల్‌బోర్న్ కూయాంగ్‌లో ఆస్ట్రేలియాతో డేవిస్ కప్పు ఛాలెంజ్ రౌండులో మనం 4-1తో ఓడాం. ఆ ఒక్కటీ తెచ్చింది డబుల్సే. రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి జాన్ న్యూకోంబ్, టోనీ రోచ్‌ల జోడీని పడగొట్టారు. ఆ జోడీ అంటే అప్పటి ప్రపంచమంతా హడలిపోయేది. మామ ఆ మర్నాడు కచేరీలో అందరికీ బెల్లం పంచాడని అమ్మ చెప్పేది. 1974లో కలకత్తాలో మళ్ళీ ఆస్ట్రేలియా. అమృతరాజ్ అన్నదమ్ములు ఆనంద్, విజయ్ ఒకవైపు, జాన్ అలెగ్జాండర్, కోలిన్ డిబ్లీ ఇంకోవైపు. 17-15, 6-8, 6-3, 16-18, 6-4. మొత్తం తొంభై తొమ్మిది గేములు, గెలుపు మనది. ఆ ఏడు ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు, వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో ఆడబోమని కప్పునే వదులుకుంది. నా మట్టుకు మన టెన్నిస్ చరిత్రలో అంతకు మించిన గెలుపు లేదు.

తొంభై తొమ్మిది గేముల ఆట ఇప్పుడు ఎవరూ చూడలేరు. టైబ్రేక్ వచ్చాక 17-15 లాంటి సెట్టు పోయింది. ఇప్పుడు చాలా పోటీల్లో డబుల్స్‌కు మూడో సెట్టే లేదు, పది పాయింట్ల టైబ్రేక్‌తో తేల్చేస్తారు. టీవీవాళ్ళకు వేళ కుదరాలి, సరే. కానీ పొద్దు వాలేదాకా సాగిన ఆటలో జోడీల మధ్య ఒక దశ వచ్చేది. ఇద్దరూ అలిసిపోయి, ఒకరి మీద ఒకరికి కోపం వచ్చి, ఆ కోపం కూడా అలిసిపోయి, ఆ తర్వాత ఇద్దరూ ఒక్కటిగా ఆడేవారు. మా క్లబ్బులోనే నేనది చూశాను. పది పాయింట్లలో అది రాదు.

ఒక లెక్క చూడండి. పెద్దల సింగిల్స్‌లో మనవాళ్ళెవరూ ఇంతవరకు గ్రాండ్‌స్లామ్ గెలవలేదు. గెలిచినవన్నీ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్సే. మద్రాసులో పుట్టిన మహేశ్ భూపతి 1997లో జపాను అమ్మాయి రికా హిరాకితో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచి ఆ ఖాతా తెరిచాడు. 1999లో లియాండర్ పేస్‌తో కలిసి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ ఫైనల్ చేరి, ఫ్రెంచ్, వింబుల్డన్ రెండూ పట్టుకొచ్చాడు. హైదరాబాదు సానియా మీర్జా డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మార్టినా హింగిస్‌తో కలిసి వరసగా నలభై ఒక్క మ్యాచ్‌లు గెలిచింది. విశాఖలో పెరిగిన సాకేత్ మైనేనితో కలిసి 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ స్వర్ణం తెచ్చింది.

సానియా చిన్నప్పుడు హైదరాబాదులో పేడతో అలికిన కోర్టుల మీద ఆట నేర్చుకున్నానని చెప్పినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. మార్కరు తాత అరచేతిలోని మట్టి ముద్ద వింబుల్డన్ దాకా వెళ్ళిందనిపించింది.

మనకు డబుల్సే ఎందుకు అబ్బింది? సింగిల్స్‌కు డబ్బు కావాలి, ఏడాదంతా దేశాలు తిరగాలి, ఒంటికి మొదటినుంచీ తగిన తిండి, తగిన శిక్షణ కావాలి, అవి మనకు లేవు, అని పెద్దలు చెబుతారు. అది నిజమే. కానీ నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మన ఊళ్ళలో కోర్టులు తక్కువ, ఆడేవాళ్ళు ఎక్కువ. ఒక కోర్టును నలుగురు పంచుకుని నేర్చుకున్న జాతి మనది. చెయ్యి, కన్ను, పక్కవాడి అడుగు, ఈ మూడూ మనకు చిన్నప్పటినుంచే అలవాటయ్యాయి. ఈ మాట ఏ కోచ్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా గుడియాత్తం కోర్టు చూసిన నేను ఒప్పుకుంటాను.

అయితే డబుల్స్ గెలిచినవాళ్ళకు చరిత్ర ఇచ్చేది సగం చోటే. పత్రికలో సింగిల్స్ విజేతకు బొమ్మ, డబుల్స్ జోడీకి కింద ఒక వాక్యం. ఆ వాక్యంలో కూడా రెండో పేరు తప్పు పడుతుంది. కోటా రామస్వామి విషయంలో జరిగింది అదే. క్రికెట్‌వాళ్ళు ఆయన్ని టెన్నిస్ ఆటగాడన్నారు, టెన్నిస్‌వాళ్ళు క్రికెటర్ అన్నారు, తమిళనాడువాళ్ళు తెలుగువాడన్నారు, తెలుగువాళ్ళు మద్రాసువాడన్నారు. తండ్రి పేరు మీద బుచ్చిబాబు ట్రోఫీ ఉంది, ఇప్పటికీ ఆడుతున్నారు. కొడుకు పేరు మీద నాకు తెలిసి డబుల్స్ పోటీ ఒక్కటీ లేదు. ఉండాలి. చెన్నైలోనో, వేలూరులోనో, చిత్తూరులోనో ఏటా ఒక పోటీ పెడితే చాలు. సింగిల్స్ వద్దు, డబుల్స్ మాత్రమే.

మా క్లబ్బు కోర్టు మీద ఇప్పుడు సిమెంటు పోసి బళ్ళు నిలుపుతున్నారు. మామ, భాయ్, డాక్టరు, తహసీల్దారు నలుగురూ నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి గోడకు ఉండేది. చెదలు పట్టి పోయింది. క్లబ్బు పాత రిజిస్టర్లు తూకానికి అమ్మేశారని తర్వాత తెలిసింది.

వేలూరు, గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి, చిత్తూరు, పలమనేరు ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్ళకు నాదొక మనవి. మీ తాతల పెట్టెల్లో పాత టెన్నిస్ ఫొటోలు, క్లబ్బు కాగితాలు, స్కోరు పుస్తకాలు, బహుమతి కప్పులు ఏవున్నా పారెయ్యకండి. ఫొటో వెనక ఎవరు ఎవరో, ఏ ఏడో పెన్సిలుతో రాసిపెట్టండి. దగ్గర్లోని గ్రంథాలయానికో కాలేజీకో ఒక నకలు ఇవ్వండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే ఈ వారమే వాళ్ళ పక్కన కూర్చుని, ఎవరితో జోడీగా ఆడారో అడగండి. రెండో పేరు కూడా తప్పకుండా రాసుకోండి.